కారు లైటు అసెంబ్లీని ఇంట్లోనే మార్చుకోవడం: వెలిగితే సరిపోదు, గురి కుదరాలి

అపార్ట్‌మెంటు సెల్లారులో స్తంభానికి ఆనుకునో, సిగ్నల్ దగ్గర వెనక నుంచి వచ్చిన బైకు తగిలో కారు లైటు పగలడం నగరాల్లో తరచూ జరిగేదే. లోపలి బల్బు పోతే అది పది నిమిషాల పని. పైనున్న అద్దమూ, దాన్ని పట్టి ఉంచే డబ్బా పగిలితే మాత్రం మెకానిక్ దగ్గరికి వెళ్లాలా, మనమే మార్చుకోవచ్చా అనే సందేహం వస్తుంది. వెనక లైటు అయితే చాలా కార్లలో స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా ఇంటి దగ్గర అరగంటలో మార్చుకోవచ్చు. ముందు లైటు సంగతి వేరు. దాన్ని విప్పి బిగించడం ఒక ఎత్తు, బిగించిన తర్వాత దాని వెలుగు రోడ్డు మీద ఎక్కడ పడుతోందో సరిచూడటం మరో ఎత్తు. స్విచ్ వేయగానే వెలిగింది కాబట్టి పని పూర్తయిందనుకుని ఈ రెండో భాగాన్ని వదిలేసేవారే ఎక్కువ. ఇంట్లో చేసినా, షెడ్డులో చేయించినా, ఎదుటి వాహనదారుడి కళ్లకు ముప్పు తెచ్చేది ఆ వదిలేసిన భాగమే.

దుకాణాల్లో ‘అసెంబ్లీ’ అనే మాటతో అడిగే ఈ వస్తువులో నాలుగైదు భాగాలు కలిసి ఉంటాయి. బయటికి కనిపించేదాన్ని అద్దం అంటున్నాం గానీ, ఇప్పటి కార్లలో అది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేదు కనుక దాని మీద ఒక రక్షణ పూత పూస్తారు. ఆ పూత అరిగిపోయిన తర్వాతే పాత కార్ల ముందు లైట్లు పసుపుబారి మసకగా కనిపిస్తాయి. అద్దం వెనక అల్యూమినియం పూత పూసిన రిఫ్లెక్టర్, దాని మధ్యలో బల్బు, వీటన్నిటికీ ఆధారంగా నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటాయి. డబ్బాకు చెవుల్లాంటి బిగింపు కొసలు ఉంటాయి, అద్దాన్ని దానికి అతికించేది తారులా సాగే బ్యూటైల్ జిగురు. పూర్తిగా గాలి చొరబడకుండా మూసేస్తే వేడికి లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోతాయి కాబట్టి, డబ్బాకు వెనకవైపు గాలి పీల్చుకునే చిన్న రంధ్రాలు కూడా పెడతారు.

ఈ రంధ్రాల విషయం తెలియక బాగున్న లైటును మార్చేసేవారున్నారు. వానాకాలంలో తెల్లవారుజామున అద్దం మూలల్లో పలుచని ఆవిరి పట్టి, లైటు వేసుకుని కొంత దూరం నడిపాక అదే పోతే అది లోపం కాదు. రంధ్రాల గుండా వచ్చిన తేమ అదే దారిన బయటికి పోయిందంతే. అద్దం లోపల చుక్కలు జారుతున్నా, అడుగున నీరు నిలిచినా మాత్రం ఎక్కడో పగులు గానీ అతుకు విడిపోవడం గానీ ఉన్నట్టే. ఆ నీరు రిఫ్లెక్టర్ పూతను తినేస్తుంది, పూత పోయిన రిఫ్లెక్టర్‌కు మరమ్మతు అంటూ లేదు. కొందరు నీరు పోవడానికి డబ్బా అడుగున వేడి సూదితో బెజ్జం పెడతారు, మరికొందరు ఆ రంధ్రాలనే సిలికాన్‌తో పూడ్చేస్తారు. రెండూ తప్పే. పైగా బజారులో దొరికే మామూలు సిలికాన్ పేస్టుల్లో చాలావాటికి వెనిగర్ వాసన ఉంటుంది. అవి ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం లోహపు పూతకు చేటు చేస్తుంది.

అసెంబ్లీ కొనడానికి ముందు చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, ఇండికేటర్ వేస్తే పక్కనున్న లైటు కూడా దానితో పాటు కొట్టుకోవడం వంటి వింతలు కనిపిస్తే, లోపం డబ్బాలో కాక ఎర్త్ కనెక్షన్‌లో ఉండే అవకాశం ఎక్కువ. కరెంటుకు తిరిగిపోయే దారి తుప్పు పట్టి మూసుకుపోయినప్పుడు అది పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. అటువంటప్పుడు వేలు పోసి కొత్త అసెంబ్లీ పెట్టినా ఆ వింత అలాగే కొనసాగుతుంది. ఎర్త్ వైరు బాడీకి కలిసే బోల్టును విప్పి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోవాలి. సాధారణ సమగ్ర బీమా పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాల విలువలో 50 శాతాన్ని తరుగుదల కింద కోసేస్తారు. 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు తప్పనిసరిగా యజమాని భరించాలి. ఉదాహరణకు 6,000 రూపాయల వెనక లైటుకు క్లెయిమ్ పెడితే సగం పోగా మిగిలిన 3,000లోంచి మరో వెయ్యి పోయి చేతికి వచ్చేది 2,000. అయితే ఆ క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఆ బోనస్ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై క్లెయిమ్ లేని ఏళ్లు గడిచేకొద్దీ 50 శాతం దాకా పెరుగుతుంది. సొంత నష్టం ప్రీమియం (పాలసీలో మన కారు నష్టానికి కట్టే భాగం) 8,000 రూపాయలై, 50 శాతం బోనస్ ఉన్నవారు 2,000 కోసం 4,000 వదులుకున్నట్టవుతుంది. జీరో డెప్ (జీరో డిప్రిసియేషన్) పాలసీ ఉంటే తరుగుదల కోత ఉండదు గానీ బోనస్ మాట మాత్రం అలాగే ఉంటుంది. వెనక లైటు వంటి చిన్న నష్టాన్ని జేబులోంచి పెట్టుకుని ఇంట్లోనే మార్చుకోవడం లాభమని నేననేది ఈ లెక్క చూసే. ఎల్ఈడీ ముందు లైటు అయితే లెక్క తారుమారవుతుంది. దాని ధర పదుల వేలలో, ఖరీదైన కార్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది కనుక అక్కడ బీమాయే మేలు.

కొనేటప్పుడు కారు పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే మోడల్‌లో వేరియంట్‌ను బట్టి లైటు మారుతుంది, మధ్యలో కంపెనీ రూపం మార్చినప్పుడూ మారుతుంది. అందుకే 17 అక్షరాల ఛాసిస్ నంబరును, పాత లైటు వెనక అచ్చుపోసిన పార్టు నంబరును ఫొటో తీసుకుని వెళ్లాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా అనుభవమున్న కౌంటర్ మనిషి ముందు అడిగేది అదే. కుడి, ఎడమలను ఎప్పుడూ డ్రైవింగ్ సీట్లో కూర్చున్న మనిషి వైపు నుంచే లెక్కించాలి. కారు ముందు నిలబడి చూసి చెబితే తారుమారవుతుంది. అమెరికాలో తీసిన వీడియోలు చూసి ‘డ్రైవర్ వైపు లైటు’ అని రాసుకుని వెళ్లినా చిక్కే, ఎందుకంటే అక్కడ డ్రైవర్ కూర్చునేది ఎడమవైపు.

ముందు లైటు విషయంలో ఈ కుడి ఎడమల తేడా ఇంకా లోతుకు పోతుంది. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం కనుక మన లైట్ల డిమ్ వెలుగు కుడివైపు కిందికి వంగి, ఎడమవైపు కొద్దిగా పైకి లేస్తుంది. ఎదురుగా వచ్చేవారి కళ్లు కుడివైపు, నడిచివెళ్లేవారూ సూచిక బోర్డులూ ఎడమవైపు ఉంటారన్నది దాని వెనకున్న తర్కం. దుబాయ్ నుంచో కువైట్ నుంచో బంధువులు తక్కువ ధరకు తెచ్చిన అదే మోడల్ లైటు చక్కగా సరిపోయినా, అక్కడ కుడివైపు నడుపుతారు గనుక దాని వెలుగు సరిగ్గా ఎదుటివారి ముఖం మీదికే లేస్తుంది. దీన్ని కనిపెట్టడానికి ఒక గుర్తు ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ముద్రలు వేసిన లైటు అద్దం మీద ఒక వృత్తంలో ఇ అనే ఇంగ్లీషు అక్షరమూ, పక్కన ఒక అంకె ఉంటాయి. లైటుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు ఆ ముద్ర దగ్గర మన కుడివైపుకు చూపే బాణం ఉంటే అది ఎడమవైపు నడిపే దేశాల లైటు. రెండువైపులా కొసలున్న బాణం ఉంటే రెండు రకాల దేశాలకూ పనికొస్తుంది. బాణమే లేకపోతే అది మనకు కాదు.

కంపెనీ డబ్బాలో వచ్చే లైటును చాలావరకు కార్ల కంపెనీలు తయారు చేయవు, ల్యూమాక్స్, యూనో మిండా వంటి విడిభాగాల సంస్థలు చేసి ఇస్తాయి. నమూనా చూసి అచ్చుపోసిన చౌక లైట్లు వాటి పక్కనే అమ్ముడవుతాయి. వెనక లైటుకు చౌక రకం పెట్టుకుంటే ఎరుపు కాస్త వెలవెలబోవడం, అంచు రెండు మిల్లీమీటర్లు తేడాగా కూర్చోవడం వంటి ఇబ్బందులతో పోతుంది. ముందు లైటుకు చౌక రకం వద్దని మాత్రం గట్టిగా చెబుతాను. రిఫ్లెక్టర్ వంపులో కంటికి కనిపించని తేడా రోడ్డు మీద కాంతిని చెదరగొడుతుంది. దాని బదులు అద్దం పసుపుబారని, చెవులు విరగని సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ దొరికితే అదే నయం.

ఇక వెనక లైటు విప్పే పని. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో డిక్కీ తలుపు ఎత్తగానే లైటు లోపలి అంచున రెండు స్క్రూలు గానీ 10 నంబర్ బోల్టులు గానీ కనిపిస్తాయి. సెడాన్లలో అవి డిక్కీ లోపలి పక్క తొడుగు వెనక, ప్లాస్టిక్ నట్లుగా ఉంటాయి. బయటివైపు అంచుకు సాధారణంగా బోల్టు ఉండదు. అక్కడ లైటుకు వేలి కొనంత పొడవున్న ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి, అవి బాడీలో గూళ్లలా ఉండే నైలాన్ బుష్‌లలో బిగుతుగా కూర్చుంటాయి. తెలియనివారికి దెబ్బ తగిలేది ఇక్కడే. మా కారు వెనక లైటును నేను మొదటిసారి మార్చినప్పుడు రెండు స్క్రూలూ తీశాక లైటు కదలకపోయేసరికి లోపలి అంచు పట్టుకుని పక్కకు తిప్పాను. టక్కుమని ఒక పిన్ను విరిగింది. పాత లైటే కదా అనుకున్నాను గానీ, విరిగిన ముక్క బుష్‌లోనే ఉండిపోయింది. దాన్ని సన్నని పట్టకారుతో బయటికి లాగడానికి లైటు మార్చడానికి పట్టినదాని కంటే రెట్టింపు సమయం పట్టింది. తిప్పకూడదు, వంచకూడదు. రెండు చేతుల వేళ్లనూ లైటు రెండు అంచుల వెనకా ఆనించి, కారు వెనక్కి, అంటే మన ఒంటి వైపుకు తిన్నగా, చిన్న చిన్న కుదుపులతో లాగాలి. పక్కన పెయింటు గీసుకోకుండా మాస్కింగ్ టేపు అంటించుకుంటే మంచిది.

లైటు చేతికి వచ్చాక వైర్లను లైటుకు కలిపే కప్లర్ లాక్ నొక్కి వైరింగ్ విడదీయాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. బల్బు హోల్డర్లు కాస్త ఎడమకు తిప్పితే బయటికి వస్తాయి. కొత్త అసెంబ్లీలు కొన్ని బల్బులు, హోల్డర్లు లేకుండానే వస్తాయి కాబట్టి పాతవాటిని పారేయకూడదు. బ్రేకుకు, రాత్రి వెలిగే మసక ఎరుపుకు కలిపి ఒకే బల్బు ఉంటే అందులో 21 వాట్లు, 5 వాట్ల ఫిలమెంట్లు రెండు ఉంటాయి. దాని పక్కనున్న రెండు మేకులు ఒకటి పైన, ఒకటి కింద ఉండేలా చేసింది తప్పు దిశలో దిగకుండా ఉండటానికే. బలవంతంగా నొక్కి తిప్పితే రెండు వెలుగులూ తారుమారై, రాత్రంతా బ్రేకు తొక్కినట్టే కనిపిస్తుంది. నిజంగా తొక్కినప్పుడు వెనకవారికి తేడా తెలియదు.

బిగించే ముందు లైటుకూ బాడీకీ మధ్య ఉండే ఫోమ్ ప్యాకింగ్‌ను వేలితో చుట్టూ తడిమి చూడాలి. ఎక్కడైనా మడత పడినా, చిరిగినా ఆ సందులోంచి వాననీరు డిక్కీలోకి దిగి, స్టెప్నీ గుంటలో చేరుతుంది. ఆ నీరు అక్కడ ఉందని నెలల తరబడి ఎవరూ గమనించరు, తుప్పు వాసన వచ్చినప్పుడు గానీ తెలియదు. పిన్నులను బుష్‌లకు ఎదురుగా ఉంచి అరచేతితో ఒక్కసారి నొక్కితే లోపలికి కూర్చున్న చప్పుడు వినిపిస్తుంది. స్క్రూలను మార్చి మార్చి కొంచెం కొంచెంగా, చేతికి తగిలేంత వరకే బిగించాలి, ఎందుకంటే ప్లాస్టిక్ చెవి అదనపు బిగుతును భరించదు. తర్వాత ఒకరు మగ్గుతో పైనుంచి నీళ్లు పోస్తుంటే మరొకరు డిక్కీలో టార్చి వేసి చూస్తే ప్యాకింగ్ కుదిరిందో లేదో అప్పుడే తేలిపోతుంది. కొత్త అద్దాన్ని పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడవకూడదు, పాలీకార్బొనేట్ వాటికి వెంట్రుకవాసి పగుళ్లు పడుతుంది. షాంపూ నీళ్లు చాలు.

ముందు లైటు దగ్గర కథ మారుతుంది. కొద్ది కార్లలో తప్ప దాన్ని బంపర్ విప్పకుండా బయటికి తీయలేం, ఎందుకంటే కింది బోల్టు ఒకటి బంపర్ వెనకే దాక్కుని ఉంటుంది. బానెట్ ఎత్తితే కనిపించే క్లిప్పులు, చక్రాల దగ్గరి ప్లాస్టిక్ లైనర్‌లో స్క్రూలు, అడుగున మరికొన్ని బోల్టులు తీశాక బంపర్ పక్క అంచులను బయటికి లాగాలి. ఆ అంచులను పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసెక్కి ఉంటే విరుగుతాయి. ఫాగ్ ల్యాంపుల వైర్లు బంపర్‌కు వేలాడుతుంటాయి కాబట్టి ఇద్దరు మనుషులు ఉండి తీరాలి. పని మొదలుపెట్టే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పెట్టుకోవాలి. తీసిన ప్రతి స్క్రూను ఏ చోటిదో రాసిన కాగితం మీద పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలో పడదు. హాలోజన్ బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకూడదన్నది చాలామందికి తెలుసు. చర్మం మీది నూనె అంటిన చోట గాజు విపరీతంగా వేడెక్కి బల్బు తొందరగా పోతుంది.

ఇంతవరకూ చేసినది మెకానిక్ పనే. ఇక్కడి నుంచి లెక్కల పని. ముందు లైటు డిమ్ వెలుగు సాధారణంగా ఒక శాతం కిందికి వాలి ఉండాలి, అంటే ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగాలి. కారుకు ఎంత శాతం కావాలో చాలాసార్లు లైటు మీదనో బానెట్ కింద స్టిక్కరు మీదనో ముద్రించి ఉంటుంది. లైటు నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే వెలుగు పై అంచు 70 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఇప్పుడు కొత్త లైటు ఒక్క డిగ్రీ పైకి తిరిగి కూర్చుందనుకుందాం. ఒక డిగ్రీ అంటే 1.75 శాతం. ఒక శాతం వాలు పోగా ఇంకా 0.75 శాతం పైకే లేస్తుంది. 60 మీటర్ల దూరంలో ఆ అంచు 115 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది, అది దాదాపు ఎదురుగా వచ్చే చిన్న కారు డ్రైవర్ కంటి ఎత్తు. అదే డిగ్రీ కిందికి తిరిగితే మన వెలుగు 25 మీటర్ల దగ్గరే నేలలో కలిసిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం ఒక్క క్షణంలో దాటేస్తాం, రోడ్డు మీద పడుకున్న గేదె కనిపించేసరికి దాని మీదే ఉంటాం. ఆ ఒక్క డిగ్రీ తేడా రావడానికి ఎంత జరగాలి? లైటు పైబిగింపుకూ కిందిబిగింపుకూ మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉంటే, ఒకవైపు మూడున్నర మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగితే చాలు. గుద్దుకున్నప్పుడు వంగిన రేకు గానీ, విరిగిన చెవిని జిగురుతో అతికించిన అతుకు గానీ ఆ మాత్రం తేడాను సులువుగా తెస్తాయి.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం ముందు దీపాల వెలుగు ఎదుటివారి కళ్లు చెదరకుండా ఎప్పుడూ కిందికి వాలి ఉండాలనే అంటుంది. ఒకప్పుడు మన రోడ్ల మీద హెడ్‌లైటు పై భాగానికి నల్లరంగు పూయడం, నల్ల చుక్క పెట్టడం ఈ బాధ తీర్చుకోవడానికే. వెలుగును కొంత ఆపే ఆ పద్ధతి కంటే గురి సరిచేయడమే అసలైన మందు, దానికి కావలసింది ఒక గోడ మాత్రమే.

చదునైన నేల, ఎదురుగా 10 మీటర్ల ఖాళీ ఉన్న గోడ చూసుకోవాలి. సెల్లారు ర్యాంపు మీద ఈ పని కుదరదు. టైర్లలో గాలి సరిగా నింపి, డ్రైవింగ్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, డ్యాష్‌బోర్డు మీద అంకెలున్న లైటు చక్రాన్ని 0 దగ్గర ఉంచాలి. ఆ చక్రం వెనక సీట్లలో మనుషులు, డిక్కీలో సామాను ఎక్కి కారు ముక్కు లేచినప్పుడు వెలుగును దించడానికి పెట్టినది. ముందు కారును గోడకు దగ్గరగా తెచ్చి రెండు లైట్ల నడిమధ్య బిందువులను గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, వాటిని కలుపుతూ అడ్డగీత గీయాలి. దానికి 10 సెంటీమీటర్ల కింద మరో అడ్డగీత గీసి, కారును తిన్నగా 10 మీటర్లు వెనక్కి తీయాలి. చీకటి పడ్డాక డిమ్ వేసి, ఒక లైటు ముందు అట్టముక్క నిలబెట్టి రెండోదాన్ని చూడాలి. హాలోజన్ వేడికి ప్లాస్టిక్ అద్దం దెబ్బతింటుంది కనుక లైటును గుడ్డతో కప్పడం మాత్రం వద్దు. వెలుగుకూ చీకటికీ మధ్య అంచు కుడివైపు కింది గీత మీద తిన్నగా పరుచుకుని, నడిమి గుర్తు దగ్గర విరిగి ఎడమకు ఏటవాలుగా లేవాలి. లైటు వెనక రెండు సర్దుబాటు స్క్రూలు ఉంటాయి. ఒకటి పైకీ కిందికీ, ఒకటి పక్కలకూ తిప్పుతుంది. పావు మలుపు తిప్పి గోడ వైపు చూడటం, మళ్లీ పావు మలుపు తిప్పడం, అంతే. స్క్రూ చివరికంటా తిరిగినా అంచు గీత మీదికి రాకపోతే అసెంబ్లీని పట్టి ఉంచే ఇనుప చట్రమే వంగి ఉంది. అది ఇంట్లో తేలే పని కాదు, డెంటింగ్ షెడ్డుకు తీసుకెళ్లాలి.

హాలోజన్ డబ్బాలో ఎల్ఈడీ బల్బు పెట్టుకోవాలనుకునేవారు ఈ గోడ పరీక్షను రెండుసార్లు చేయాలని నా కోరిక. డిమ్, బ్రైట్ ఫిలమెంట్లు రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 రకంలో డిమ్ ఫిలమెంటు కింద దొప్పలాంటి చిన్న లోహపు తొడుగు ఉంటుంది. అది కిందికి వెళ్లే వెలుగును ఆపి రిఫ్లెక్టర్ పై సగాన్ని మాత్రమే వాడేలా చేస్తుంది, వెలుగు కిందికి వాలడానికి కారణం అదే. రిఫ్లెక్టర్ వంపును సన్నని ఫిలమెంటు ఉండే చోటును బట్టి లెక్కగట్టి చేస్తారు. వెడల్పాటి ఎల్ఈడీ చిప్పులు ఆ చోటికి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్నా గోడ మీద తేటగా ఉండవలసిన అంచు చెదిరి, పైన పొగలా వెలుగు పరుచుకుంటుంది. స్క్రూ ఎంత తిప్పినా ఆ పొగ పోదు. 100/90 వాట్ల బల్బులది మరో రకం ముప్పు. 60/55 వాట్ల కోసం వేసిన వైరింగ్, హోల్డరు ఆ వేడికి మెత్తబడి కరుగుతాయి, కొత్త అసెంబ్లీ కూడా అలాగే పాడవుతుంది.

కంపెనీ నుంచే ఎల్ఈడీగా వచ్చిన లైట్లలో బల్బంటూ విడిగా ఉండదు, ఒక భాగం పోతే చాలావాటిలో మొత్తం మార్చాల్సిందే. కొన్ని ఖరీదైన కార్లలో కొత్త లైటును కారు కంప్యూటర్‌కు పరిచయం చేసే కోడింగ్ కూడా ఉంటుంది, అది లేకుండా డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక పోదు. వాటిని ఇంట్లో ముట్టుకోకపోవడమే మంచిది.

గోడ పరీక్ష అయిన తర్వాత వారం పది రోజులు మామూలుగా కారు నడిపి, గతుకులు స్పీడు బ్రేకర్లు దాటాక ఒక సాయంత్రం మళ్లీ అదే గోడ ముందు నిలిపి చూడాలి. కొత్త బోల్టులు కుదుపులకు కాస్త సర్దుకుంటాయి, అంచు ఒకటి రెండు సెంటీమీటర్లు జారి ఉండవచ్చు. పావు మలుపుతో సరిపోతుంది. అపార్ట్‌మెంటు వారు ఒప్పుకుంటే సుద్ద గీతల స్థానంలో రెండు పెయింటు గీతలు, నేల మీద 10 మీటర్ల దగ్గర ఒక గుర్తు పెట్టుకోవచ్చు. మా సెల్లారులో అలా గీసిన గీతల ముందు ఇప్పుడు నాలుగైదు ఇళ్ల కార్లు తమ లైట్లను సరిచూసుకుంటున్నాయి. ప్రతి కారు లైటు ఎత్తు వేరు కనుక గీతల పక్కనే ఆ కారు నంబరును పెన్సిల్‌తో రాసుకుంటున్నాం.